కుడి స్కేటు, లోపలి అంచు

పెండిల్ హిల్,
24 ఆగస్టు 2025

అక్కా,

ముందు క్షేమసమాచారాలు అడగాలి, తెలుసు. కానీ నువ్వు పంపిన డబ్బా విప్పాక ఆ మర్యాద నా వల్ల కాలేదు. వైశాలి స్కేట్లని తడితడిగా సంచిలో కుక్కి, జిప్పు లాగి, గరాజ్‌లో ఓ మూల పడేసి, వారం పోయాక అలాగే నాకు పోస్టు చేశావు కదూ? ఆ వాసనకి నీ మరదలు లీల ఇంట్లో కిటికీలన్నీ తెరిచింది. ఈ చలిలో! వాసన సంగతి పోనీ, బ్లేడ్ల నిండా తుప్పు. ఆసుపత్రిలో నర్సువి. అక్కడ కత్తెర వాడాక తుడవకుండా పెట్టెలో పడేస్తావా?

నీకు ఒళ్ళు మండుతోందని తెలుసు. అందుకే ఫోన్ చేయలేదు. ఫోన్లో మాట్లాడుకుంటే మనిద్దరిలో ఎవరో ఒకరం ఠపీమని పెట్టేస్తాం, ఆ తరువాత లీలా, శివప్రసాద్ బావగారూ కూర్చుని రాయబారాలు నడపాలి. స్కేట్లు ఎలాగూ నీకూ నాకూ మధ్య పోస్టులో తిరుగుతున్నాయి కాబట్టి బూటులో ఒక కాగితం పెడుతున్నాను. నువ్వూ అలాగే పెట్టు. కాగితం అయితే మధ్యలో పెట్టేయడానికి ఉండదు.

ఇప్పుడు విను. స్కేటు బ్లేడు కత్తిపీట కాదు. అమ్మ కత్తిపీటకి ఒకటే అంచు. స్కేటుకి రెండు: పాదం లోపలివైపు ఒకటి, బయటివైపు ఒకటి. రెంటికీ మధ్య పొడుగునా సన్నటి గాడి ఉంటుంది. నా మెషిన్‌లో తిరిగే రాపిడి చక్రం ఆ గాడిని తోడుతుంది, అప్పుడు రెండు పక్కలా అంచులు లేస్తాయి. మంచుని పట్టుకునేవి ఆ అంచులే. పిల్ల ఒక పక్కకి వాలి మలుపు తిరిగేటప్పుడు దాని బరువంతా ఆ పక్క అంచు మీదే ఉంటుంది. అది మొద్దుబారితే పిల్ల పడుతుంది. అంతకుమించి ఇందులో మాయా లేదు, మంత్రమూ లేదు.

కాబట్టి ఆట అవగానే పొడిగుడ్డతో తుడవాలి. ఇంటికి రాగానే సంచిలోంచి తీసి గాలికి పెట్టాలి. అన్నిటికన్నా ముఖ్యం, బ్లేడు సిమెంటుకి తగలకూడదు. రాతికీ, ఇసుకకీ కూడా. ఒక్క అడుగు చాలు, నేను గంటసేపు పట్టిన సాన గంగపాలు.

ఇంకోటి. ఈ స్కేట్లు దాని పాదానికి పెద్దవి. మడమ దగ్గర అస్తరు అరిగిపోయింది, కాలు లోపల ఆడుతోందన్నమాట. ఎదిగే పిల్ల అని ఒక సైజు పెంచి కొన్నావు కదూ? స్కూలు గౌను అనుకున్నావా, కింద మడత కుట్టించి రెండేళ్ళు వాడడానికి?

బావగారికి నమస్కారాలు. మేనకోడలు వైశాలికి ముద్దులు. నీకు ఏమీ లేవు.

నీ తమ్ముడు,
కనకరాజు


టూవూంబా,
3 సెప్టెంబరు 2025

చిరంజీవి కనకరాజుకి,

చిరంజీవి అని రాయడం అలవాటు కొద్దీ రాశాను, ఆశీర్వాదం అనుకోకు. ఉత్తరమా అది, పోలీసువాళ్ళ ఛార్జిషీటా?

నీకేం, రైలెక్కితే పారమట్టాలో ఆఫీసు, కారెక్కితే నువ్వు ఆడుకునే మంచు రింకు. వయసు మళ్ళాక ఆఫీసువాళ్ళతో కలిసి సరదాకి హాకీ మొదలుపెట్టావు, బాగుంది. నాకలా కాదు. ఈ ఊళ్ళో ఐస్ అంటే ఫ్రిజ్‌లో ఉన్నదే. డ్యూటీ దిగి, పిల్లని కారులో వేసుకుని, లారీల మధ్య కొండ దిగి, బ్రిస్బేన్ వెళ్ళి, అది ఆడినంతసేపూ ఆ చలిలో శాలువా కప్పుకుని కూర్చుని, మళ్ళీ కొండెక్కి వచ్చేసరికి నాకు నా కాళ్ళు తుడుచుకునే ఓపిక ఉండదు. స్కేట్లు తుడవాలట!

సైజు గురించి మాట్లాడకు. నువ్వు పెరిగింది నాన్నగారి చొక్కాల్లోనే. ఏం, చెడిపోయావా? అయినా నువ్వు రాసింది చదివి వైశాలి "ఐ టోల్డ్ యూ, మామ్" అని నన్ను చూసి నవ్వింది. దానితో పోయిన పరువు చాలక, గ్లవ్స్ కూడా వాసన వస్తున్నాయేమోనని వాషింగ్ మెషిన్లో వేసి వేడి మీద ఆరబెట్టాను. అప్పడాల్లా అయిపోయాయి. దీనికి కూడా పాఠం రాస్తావేమో, అక్కర్లేదు, తెలిసొచ్చింది.

ఇప్పుడు అసలు సంగతి. అక్టోబరు 4, శనివారం రాష్ట్ర అమ్మాయిల జట్టుకి ఎంపిక. వైశాలికి ఇదే ఆఖరి అవకాశం, వచ్చే ఏడాదికి ఈ జట్టుకి వయసు దాటిపోతుంది. తిండి మీద ధ్యాస లేదు దానికి. గరాజ్‌లో కర్ర పట్టుకుని గోడకేసి బంతి కొడుతూనే ఉంటుంది. నేను పైకి విసుక్కుంటాను కానీ, ఒరేయ్, ఆ పిల్ల దేనికీ ఇంతగా ఆశపడటం నేను చూడలేదు.

మొన్న ఇక్కడి పూల పండుగ ఏర్పాట్లు చూద్దామని పార్కుకి వెళితే రామ్మోహన్‌గారు కనిపించారు, ఇక్కడ దసరా సంబరాలు జరిపించేది ఆయనే. "అమ్మాయి డాన్స్ మానేసిందటగా అండీ? హాకీ అంట? ఆడపిల్లకి పళ్ళూడితే ఎలాగండీ?" అన్నారు. అంతమందిలో! పళ్ళకి గార్డు ఉంటుందండీ, నోళ్ళకే ఉండదు అని వచ్చేశాను. మీ బావగారు కారులో కూర్చున్నాక నవ్వారు, అక్కడ నవ్వలేదు.

స్కేట్లు మళ్ళీ పంపుతున్నాను, తుడిచే పంపుతున్నాను. ఎంపికకి ముందు నీ చేత్తో సాన పట్టి పంపు. బ్రిస్బేన్‌లో షాపులో పట్టించవచ్చు కదా, ఇంట్లో పెట్టుకునే ఆ మెషిన్ బొమ్మలాంటిది అని మీ బావగారి అభిప్రాయం. నేనేమీ అనలేదు.

మీ అక్క,
మంగతాయారు


పెండిల్ హిల్,
21 సెప్టెంబరు 2025

అక్కా,

బొమ్మ అట! బావగారు యూనివర్సిటీలో పిల్లలకి లెక్కలు చెబుతారు కాబట్టి ఊరుకుంటున్నాను. షాపుల సంగతి నాకు చెప్పకండి. ఆ మధ్య ఒక షాపులో నా స్కేట్లు ఇస్తే, ఫోన్ చూసుకుంటూ పట్టి ఇచ్చాడు. ఒక అంచు ఎత్తు, ఒక అంచు పల్లం. మంచు మీద కాలు పెట్టగానే నా రెండు కాళ్ళూ రెండు వైపులకి వెళ్ళాయి. వాడిని అడిగితే "యూ విల్ గెట్ యూజ్డ్ టు ఇట్, మేట్" అన్నాడు. అలవాటు పడాలట! ఆ రోజే ఈ మెషిన్ కొన్నాను.

వైశాలి స్కేట్లు ఎలా పట్టానో రాస్తున్నాను, బావగారికి చదివి వినిపించు. ముందు పోయినసారి మిగిలిన తుప్పు మచ్చలు కూడా పోయేదాకా చక్రం తిప్పాను. తరువాత దాని బరువుకి తగ్గట్టు గాడి తోడాను. గాడి మరీ లోతైతే మంచులో కూరుకుపోయి పిల్ల సగంలో అలిసిపోతుంది, మరీ పల్చనైతే జారుతుంది. బ్లేడుకి అడ్డంగా ఒక నాణెం పడుకోబెట్టి కంటికి ఎదురుగా పెట్టుకుని చూశాను. ఒక పక్కకి వాలితే అంచులు సమానంగా లేవన్నమాట. వాలలేదు. చివర సానరాయితో అంచున మిగిలిన నూగు తీశాను. గోటి మీద ఆనించి లాగితే తెల్లటి పొడి రాలింది. ఇంతకన్నా ఎవడు పడతాడో పట్టమను.

మడమ వదులుకి లోపల ఒక మెత్త అతికించాను. లేసులు చీలమండ దగ్గర బిగించి కట్టుకోమను.

డబ్బాలో ఎర్రరంగు గార్డులు కూడా పెట్టాను, అది నా బహుమతి. గట్టి ప్లాస్టిక్‌వి. బ్లేడు కిందికి తొడిగి వాటి మీదే నడవాలి. దాచేటప్పుడు తీసేసి, డబ్బాలోనే పెట్టిన గుడ్డ తొడుగులు వేయాలి. గార్డులంటే స్కేట్లకి చెప్పులనుకో. బయట నడిచేటప్పుడు ఉండాలి, మంచు మీదకి వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర విడవాలి. ఇంత తేలిగ్గా చెప్పాక కూడా అర్థం కాకపోతే నేను చేసేదేమీ లేదు.

ఎంపిక అయ్యేదాకా ఆ బ్లేడ్లని ఎవ్వరూ ముట్టుకోవద్దు.

వైశాలికి ఆల్ ది బెస్ట్ చెప్పు. నా తరఫున దాని నెత్తిన మొట్టికాయ వేయి, అది దానికి అదృష్టం.

కనకరాజు


టూవూంబా,
6 అక్టోబరు 2025

కనకరాజూ,

ఏం మొహం పెట్టుకుని ఉత్తరం రాస్తావో రాయి ఇక.

శనివారం నా కూతురు పడింది. ఒకసారి కాదు. కుడివైపు మలుపుకి బాగానే తిరుగుతోంది, ఎడమకి తిరిగినప్పుడల్లా కాలు జారిపోయి దబ్బున పడటమే. లేవడం, మళ్ళీ పడటం. అద్దం అవతల నేను శాలువా నోటికి అడ్డం పెట్టుకుని నిలబడ్డాను. పక్కనున్న తల్లులు నన్ను చూసి తల తిప్పుకున్నారు. కోచ్ చివరికి దాన్ని పిలిచి, స్కేటింగ్ ఇంకా కుదురుకోలేదు, ఎడమ మలుపు రానివాళ్ళని జట్టులోకి ఎలా తీసుకోమంటావు అని మొహం మీద చెప్పేసింది. పేర్లు అధికారికంగా పంపేది నవంబరులోనట, కానీ నీ పేరు ఉంటుందని ఆశ పెట్టుకోకు అందట.

ఎడమ మలుపు రాదట! మూడేళ్ళుగా ఆ మలుపు నేను చూడటం లేదా?

గోటి మీద పొడి రాలిందని రాశావు. నాణెం వాలలేదని రాశావు. బొమ్మ మెషిన్‌తో ఆడుకుని నా బిడ్డ ఆశ మీద దెబ్బ కొట్టావు. షాపులో పట్టిస్తే నీ మనసు కష్టపెట్టుకుంటావని మీ బావగారి మాట కూడా కాదన్నాను. ఆయన ఇప్పుడు ఒక్క మాటా అనడం లేదు, అదే నాకు ఇంకా మంటగా ఉంది.

నేను చేయాల్సినవన్నీ చేశాను. తుడిచాను. గాలికి పెట్టాను. దసరాకి సెలవు పెట్టి మరీ ఆయుధ పూజ చేశాను. కారుతోపాటు వాటికీ పసుపు కుంకుమలు పెట్టి హారతిచ్చాను. దానికీ ఆ పిల్ల మొహం మాడ్చుకుంది. మన పద్ధతులంటే చులకన ఈ కాలం పిల్లలకి. వాళ్ళ మంచికోసమే చేస్తున్నామన్న ఇంగితం లేదు.

పడినదానికి ఏడవలేదు. కొండెక్కేదాకా కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. మామయ్య స్కేట్లు పాడుచేశాడు కదూ అంటే "ఇట్స్ నాట్ హిజ్ ఫాల్ట్, మామ్. లీవ్ ఇట్" అంది. నిన్ను వెనకేసుకు వస్తోంది. నువ్వు దానికి తగవు.

మంగతాయారు


పెండిల్ హిల్,
13 అక్టోబరు 2025

అక్కా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు ఆఫీసులో ఏ పనీ సరిగా చేయలేకపోయాను. కోపంతో కాదు అని రాయాలనుంది కానీ, కోపంతోనే.

ఆ సాన నేను పట్టాను. దాని మీద నా పేరు రాసినట్టే. నా చేతుల్లోంచి వెళ్ళినప్పుడు ఆ బ్లేడ్లు రెండూ, నాలుగు అంచులూ, ఒక్కలా ఉన్నాయి. నా పనిలో తేడా ఉంటే పిల్ల మొదటి అడుగుకే రెండు వైపులా పడాలి. కుడివైపు బాగా తిరిగి ఎడమవైపే జారిందంటే ఒక్క అంచు పోయిందన్నమాట. కుడి స్కేటు, లోపలి అంచు. ఎడమకి తిరిగేటప్పుడు తోసేది అదే. ఆ ఒక్క అంచు పోవాలంటే నేను పంపాక ఎవరో ఏదో చేసి ఉండాలి.

ఎవరు? బావగారు నా మీద నమ్మకం లేక ఆకురాయి పట్టుకుని సరిచేయబోయారా? లేకపోతే వైశాలి ఫోన్ చూసుకుంటూ గార్డులు లేకుండా కారు పార్కింగులో నడిచిందా? ఈ వయసు పిల్లలు చేస్తారు. చేసి దాస్తారు. "ఇట్స్ నాట్ హిజ్ ఫాల్ట్" అందంటే దానికేదో తెలుసు. అడుగు దాన్ని. గట్టిగా అడుగు. నన్ను దోషిని చేసే ముందు ఆ మాత్రం విచారించాలన్న జ్ఞానం ఉండొద్దా?

ఎన్నో ఏళ్ళుగా నీ నోటికి జడిసి ఊరుకుంటున్నాను. ఈసారి ఊరుకోను. నా మేనకోడలు పడితే నాకు నొప్పి లేదనుకున్నావా? స్కేట్లు పంపు. నా కళ్ళతో చూస్తాను.

కనకరాజు


టూవూంబా,
19 అక్టోబరు 2025

కనకరాజుకి,

ఇవిగో నీ స్కేట్లు. కళ్ళజోడు పెట్టుకుని మరీ చూసుకో.

మీ బావగారికి ఇంట్లో బల్బు మార్చడం రాదు, ఆయన ఆకురాయి పట్టారంటే నమ్మేవాళ్ళెవరు? ఆయనకి నీ ఉత్తరం చూపించాను. "మీ తమ్ముడికి నా మీద ఇంత గౌరవం ఉందనుకోలేదు" అన్నారు. సిగ్గుపడు.

ఇక నా కూతుర్ని అంటావా! నువ్వు గార్డులు పంపిన దగ్గర్నుంచి అది వాటిని విడిచింది లేదు. మంచు మీద తప్ప బయట ఎక్కడా గార్డు లేకుండా అడుగు వేయలేదు. నేను సాక్ష్యం. ఒక్క పూజ రోజు తప్పితే, అది కూడా నేను విప్పిస్తేనే.

ఎంత శ్రద్ధగా చేశానో రాస్తాను, అప్పుడైనా నీకు బుద్ధి వస్తుందేమో. విజయదశమి రోజు పొద్దున్నే లేచి వాకిట్లో, కారు పెట్టే చోట కడిగి ముగ్గేశాను. పక్కింటి లిన్ గారి చెట్టు నిమ్మకాయలు అడిగి తెచ్చాను. కొత్తవి, రసం నిండినవి. కారు చక్రాల కింద పెట్టి మీ బావగారి చేత ముందుకి నడిపించాను. తరువాత వైశాలి వంతు. చక్రాలు కారుకైతే స్కేట్లకి బ్లేడ్లే కదా చక్రాలు? కాలికి స్కేట్లు వేసుకుని రమ్మన్నాను. "అమ్మా, ఇట్స్ నాట్ ఎ కార్!" అంది. నోరు మూసుకుని రావే అన్నాను. ఎర్ర గార్డులతో టకటకా వచ్చింది. గార్డులు విప్పమన్నాను. చెప్పులని నువ్వే రాశావు కదా, చెప్పులేసుకుని ఎవరైనా పూజలో నిలబడతారా? అది నా మొహంలోకి చూసింది, కిందికి చూసింది, కుడికాలు ముందు పెట్టి నిమ్మకాయ గట్టిగా తొక్కింది. తరువాత ఎడమకాలు, మెల్లగా. సిమెంటు మీద పెట్టకూడదని నాకు తెలుసు, అందుకే సరిగ్గా నిమ్మకాయ మీదే పెట్టించాను. వెంటనే మళ్ళీ గార్డులు తొడిగించాను.

ఇదీ నేను చేసిన జాగ్రత్త. ఇంతకన్నా ఏ తల్లి చేస్తుంది? తప్పు నీ మెషిన్‌ది. ఒప్పుకో. ఒప్పుకునేదాకా నీకు ఫోన్ చేయను, రేపు దీపావళి అయినా సరే.

మంగతాయారు


పెండిల్ హిల్,
27 అక్టోబరు 2025

అక్కా! అక్కా!

నిమ్మకాయ మీద పెట్టించావా!

నిమ్మకాయ బ్లేడు కింద ఎంతసేపు ఆగుతుందనుకున్నావు? నేను పట్టిన సానకి అది వెన్నముద్దలా తెగిపోతుంది. దాని కింద ఏముంది? సిమెంటు. నీ కూతురి బరువంతా ఒక్క కాలి మీద, ఒక్క బ్లేడు మీద, గట్టిగా, సిమెంటు మీద! కుడికాలు ముందు పెట్టమని నువ్వే నేర్పావు దానికి, కొత్తింట్లో అడుగుపెట్టడానికి నేర్పినట్టు. అందుకే కుడి బ్లేడు పోయింది. నేను డబ్బా విప్పి దీపం కింద పెట్టి చూశాను. లోపలి అంచు పొడుగునా రంపంలా పళ్ళు లేచి ఉంది. బ్లేడుకీ బూటుకీ మధ్య సందులో ఎండిపోయిన నిమ్మగింజ ఒకటి దొరికింది. దాన్ని పట్టుకుని ఇల్లంతా తిరిగాను. లీల నన్ను కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది.

చెప్పులు అన్నది నేనే. ఆ మాట మింగడానికి లేదు. సాయంత్రమంతా ఆ మాటకి నన్ను నేను తిట్టుకున్నాను. బావగారికి క్షమాపణ చెప్పానని చెప్పు.

నేను రాయాలనుకున్న ఉత్తరం ఇక్కడితో అయిపోవాలి. ఇంకా చాలా తిట్లు మిగిలాయి. కానీ ఆదివారం వైశాలికి ఫోన్ చేశాను. అందువల్ల తిట్లన్నీ పక్కన పెట్టి, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

"వైశూ, నిమ్మకాయ తొక్కినప్పుడు కింద సిమెంటు తగిలిందటే?" అన్నాను.

"యా. ఐ హర్డ్ ఇట్, మామయ్యా" అంది. చప్పుడు వినిపించిందట. ఆ క్షణానే తెలుసట దానికి, అంచు పోయిందని. తొక్కక ముందే తెలుసట, పోతుందని.

"తెలిసి ఎందుకు తొక్కావే? నాకొద్దు అనొచ్చుగా!" అన్నాను.

"షి టుక్ ఎ డే ఆఫ్. షి డిడ్ ద ముగ్గు అండ్ ఎవ్రీథింగ్. షి వాజ్ సో హ్యాపీ, మామయ్యా. ఐ కుడ్‌న్ట్."

శుక్రవారం బ్రిస్బేన్‌లో సాన పట్టించమని అడగొచ్చు కదా అంటే, ఎందుకని అమ్మ అడుగుతుంది, అప్పుడు చెప్పాల్సి వస్తుంది అంది. పోనీ పడ్డాక కోచ్‌తో చెప్పొచ్చు కదా, నా తప్పు కాదు, అంచు పోయింది అని! దానికి ఏమందో తెలుసా?

"అండ్ సే వాట్? మా అమ్మ లెమన్స్ తొక్కించింది అనా? దే'డ్ లాఫ్ ఎట్ హర్. నో వే."

నిన్ను చూసి నవ్వుతారని చెప్పలేదట. పూజ రోజు అది మొహం మాడ్చుకుంది అని రాశావే, అది పద్ధతులంటే చులకనై కాదు. నేను కూడా దాన్ని దొంగని చేసి రాశాను.

కుడి బ్లేడుకి చాలా లోతుగా చక్రం పట్టించాల్సి వచ్చింది. ఎడమదాన్ని కూడా దానికి సమానం చేశాను. స్కేట్లు పంపుతున్నాను. ఆడుకోమను, జట్టు లేకపోతే మానె.

నీ తమ్ముడు,
కనకరాజు


టూవూంబా,
9 నవంబరు 2025

తమ్ముడికి,

నీ ఉత్తరం కిచెన్‌లో నిలబడే చదివాను. చదివి గరాజ్‌లోకి వెళ్ళాను. అది గోడకేసి బంతి కొడుతోంది. వెనక్కి తిరిగి వచ్చేశాను.

సిగ్గుతో చచ్చిపోయాననే రాయాలి. నిజమే. కానీ ఆ సిగ్గు వెనకే నాకు పట్టరాని కోపం వచ్చింది రా. నన్ను చూసి నవ్వుతారని తన చోటు వదులుకుంటుందా? నన్నేమనుకుంది? నేనంత గాజుబొమ్మనా? ఈ దేశం వచ్చిన కొత్తలో వార్డులో నా ఇంగ్లీషుకి నవ్వినవాళ్ళు లేరా, నా డబ్బాలో ఉప్మా చూసి ముక్కు మూసుకున్నవాళ్ళు లేరా? అవన్నీ దిగమింగింది దేనికి? నా కూతురు నా పరువు కోసం మంచు మీద పడటానికా?

మొన్న మంగళవారం ప్రాక్టీసు. యూనిఫామ్ కూడా మార్చుకోకుండా తీసుకెళ్ళాను. దాన్ని లోపలికి పంపి నేరుగా కోచ్ దగ్గరికి నడిచాను. చెప్పేశాను. మాకు దసరా అని ఒక పండుగ ఉంది, ఆ రోజు పనిముట్లకి పూజ చేస్తాం, నేను నా కూతురి చేత సిమెంటు మీద నిమ్మకాయలు తొక్కించాను, అంచు పోయింది, దానికి తెలిసి కూడా నాకోసం తొక్కింది, మీకు చెప్పలేదు.

"లెమన్స్? యాక్చువల్ లెమన్స్?" అంది.

నవ్వింది. పెద్దగానే నవ్వింది. పక్కన కర్రలకి టేపు చుట్టుకుంటున్న ఇద్దరు తండ్రులు కూడా నవ్వారు. నవ్వనీ. నేనేమీ కరిగిపోలేదు. అలాగే నిలబడి, అయిపోయిందా అన్నట్టు చూశాను. అప్పుడు కోచ్ నవ్వు ఆపి మంచు మీద ఉన్న వైశాలి వైపు చూసింది. "షి న్యూ, అండ్ స్టిల్ స్కేటెడ్?" అంది. యెస్ అన్నాను. పేర్లు ఇంకా పంపలేదు, శనివారం మంచి అంచులతో తీసుకురా, మళ్ళీ చూస్తాను, మాట మాత్రం ఇవ్వను అంది.

సంగతి తెలిసి వైశాలి "మామ్, యూ డిడ్ నాట్!" అని అరిచింది. కొండెక్కేదాకా నాతో మాట్లాడలేదు. నాకూ కోపమే. పైకొచ్చాక, ఇకముందు నన్ను కాపాడే పని పెట్టుకున్నావంటే కాళ్ళు విరగ్గొడతాను అన్నాను. "ఓకే" అంది. ఆ మాటకి నవ్వొచ్చింది ఇద్దరికీ, ఎందుకో తెలియదు.

నిన్న శనివారం. లిన్ గారు గోడ మీంచి ఇంకో సంచీ నిమ్మకాయలు ఇచ్చారు, వాటితో పులిహోర కలిపాను. బొట్టు హెల్మెట్‌కి మాత్రం పెట్టాను, అది బ్లేడుకి తగలదు కదా, నువ్వేమీ రాయనక్కర్లేదు. స్కేట్లు దారంతా నా ఒళ్ళోనే పెట్టుకున్నాను, కారు మీ బావగారు నడిపారు.

రింకు గుమ్మం దగ్గర రబ్బరు చాప మీద గార్డులు విప్పి నా చేతిలో పెట్టి లోపలికి వెళ్ళింది. కోచ్ దాన్ని కుడికి తిప్పింది. తరువాత ఎడమకి. నేను కళ్ళు మూసుకోలేదు. మళ్ళీ ఎడమకి, ఇంకా వేగంగా. నీ అంచు మంచుని కోస్తూ వెళ్ళిన చప్పుడు అద్దం ఇవతలికి కూడా వినిపించింది. మీ బావగారు నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "బొమ్మ కాదే అది" అన్నారు. ఈ మాట నీకు రాయమని ఆయనే చెప్పారు.

ఎంతసేపు తిప్పిందో నాకు తెలియదు. చివరికి కోచ్ ఏదో చెప్పింది. వైశాలి హెల్మెట్ తీసింది. దాని మొహం చూసి ఏమీ పోల్చుకోలేకపోయాను. చెమటో కన్నీళ్ళో అర్థం కాలేదు. మెల్లగా గుమ్మం దగ్గరికి వచ్చింది. నేను గార్డులు పట్టుకుని నేల మీద కూర్చున్నాను. చిన్నప్పుడు బూట్లు తొడిగించుకోవడానికి చాపినట్టు కుడికాలు నా ముందుకి చాపింది.

ముందు గుడ్డతో తుడిచాను. తరువాత కుడికాలికి గార్డు తొడిగాను, ఎడమకాలికి తొడిగాను, రెండూ గట్టిగా పట్టాయో లేదో లాగి చూశాను. అప్పుడు తలెత్తి అడిగాను, ఏమందే అని.

తీసుకుందట రా.

మీ అక్క,
మంగతాయారు